రానీ, రానీకు

వెనక భాగంలో పని ఉన్న ఏ బండైనా వైర్లమ్మ షాపులోకి వెనక్కే రావాలి. రేకుల కప్పులో లోపలి కొసన ఒక అద్దం పలక ఉంది. పగటి వెలుగంతా దాని కిందే పడుతుంది. అక్కడే ఆమె బల్ల, బల్ల మీద కట్టలు కట్టిన తీగలు, గోడకి వరసగా తగిలించిన పట్టకార్లు. షాపుకి బోర్డు లేదు. గుమ్మానికి వేలాడదీసిన పాత హెడ్‌లైటు డొప్పే బోర్డు.

"వెనక్కి పెట్టండి అన్నయ్యా, నేను చూస్తాలే" అని ఆమె లోపలికి వెళ్ళి గోడ దగ్గర నిలబడింది.

ఆసుపత్రి జీపు డ్రైవరు ఇంజను ఆపకుండానే కిందికి దిగాడు. గుమ్మం వెడల్పు అడుగులతో కొలిచాడు. లోపలి గోడ దాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళుగా కొండదారుల్లో జీపు తోలుతున్న మనిషి అలా అడుగులు లెక్కపెడుతుంటే ఎదురుగా ఉన్న సైకిళ్ళ షాపాయనకి వింతగా తోచింది.

"ఏం డ్రైవరుగారూ, స్థలం కొంటున్నారా?" అని అరిచాడు.

డ్రైవరు అతనివైపు చూసి నవ్వాడు. మాట సగమే అందినప్పుడు నవ్వేసి ఊరుకోవడం అతనికి ఈమధ్య అలవాటైంది. నవ్వితే ఎవరూ రెండోసారి అడగరు.

జీపు అంగుళం అంగుళంగా వెనక్కి జరిగింది. వైర్లమ్మ ఏదో అంటున్నట్టు అద్దంలో ఆమె చెయ్యి కదలడం కనపడింది కాని, అతను ముందే బ్రేకు తొక్కేశాడు. ఆమె నడిచి వచ్చి తలుపు మీద తడితే ఉలిక్కిపడ్డాడు.

"అదేంటన్నయ్యా, గోడకీ బండికీ మధ్య మంచం వేసుకుని పడుకోవచ్చు. ఇంకా రావచ్చని అరుస్తూనే ఉన్నా."

"ఇంజను మోతమ్మా. సైలెన్సరు పోయింది."

సైలెన్సరు బాగానే ఉంది. ఆమె బండి కింద ఒకసారి వంగి చూసింది. చెయ్యి తుడుచుకుని అతను ఇచ్చిన కాగితం తీసుకుంది. డాక్టరుగారు రాసి పంపిన ఉత్తర్వు. పైకే చదివింది. "కొండ మలుపులో సందెవేళ జీపును వెనుకకు నడుపుచుండగా వెలుతురు చాలక ప్రమాదము జరిగినందున, వెనుక రెండు అదనపు రివర్సు లైట్లు బిగించవలెను."

చదివి, జీపు వెనకవైపుకి నడిచింది. బంపరు ఎడమ కొస లోపలికి ముడుచుకుపోయి ఉంది. స్పేరు చక్రం బ్రాకెట్టు వంగింది. ఆ వంపులోకి వేలు పెట్టి తడిమింది.

"గట్టిగానే కొట్టారే. వెనక మనిషి లేడా?"

"ఉన్నాడు. మా బావమరిదే."

"మరి?"

"రానీ అన్నాడు."

ఈ పది రోజుల్లో ఆ మాట ఎంతమందితో అన్నాడో! డాక్టరుగారితో, నర్సుతో, టీ కొట్టు దగ్గర, చివరికి ఇంట్లో పెళ్ళాంతో. మొదట్లో గొంతుకి అడ్డం పడేది. ఇప్పుడు నానిన సబ్బుముక్కలా జారి వచ్చేస్తోంది.

పై ఊళ్ళో బండి తిప్పుకునే చోటు లేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ముందుకి వెళ్ళిన జీపు మొదటి మలుపు దాకా వెనక్కే రావాలి. బావమరిది వెనక నడుస్తూ, జీపు ఒంటి మీద అరచేత్తో చరుస్తూ, "రానీ బావా, రానీ, రానీ" అంటాడు. ఆపాల్సిన చోట "రానీకు" అంటాడు. ఆసుపత్రిలో అతని అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరి నోటా రాదు. అందరూ రానీ అనే పిలుస్తారు. "జీపుకి రాజేమో డ్రైవరుగారు, రాణేమో ఈయన" అని నర్సు మేలమాడుతుంది. అతనికీ నవ్వొస్తుంది.

పది రోజుల కింద ఒక సాయంత్రం మలుపులో నీళ్ళతొట్టి గోడకి జీపు గుద్దుకుంది. వెనక ఉన్న మందుల పెట్టె ఎగిరిపడి పగిలింది. కింది ఊరి పిల్లలకి వెయ్యాల్సిన టీకాలు మట్టిపాలయ్యాయి. బావమరిది ఆఖరి క్షణంలో పక్కకి దూకాడు. మోకాలు చెక్కుకుపోయింది, అంతే.

మర్నాడు వరండాలో డాక్టరుగారు ఇద్దర్నీ నిలబెట్టి అడిగారు. "నువ్వేమన్నావు?" అని బావమరిదిని.

"రానీకు అన్నాను సార్."

"నీకేం వినపడింది?" అని ఇతన్ని.

"రానీ అన్నాడు సార్. అంటేనే వచ్చాను."

బావమరిది ఒక్కసారి ఇటు చూశాడు. తరవాత నేల చూశాడు. "ఆలస్యంగా అన్నానేమో సార్" అన్నాడు మెల్లిగా. దినకూలీ మనిషి. ఆ ఒక్కమాటతో ఆ రోజునుంచే పనిలోకి రావద్దన్నారు.

"రేపు మధ్యాహ్నానికి బిగించేస్తా. ఎల్లుండి పరీక్ష చేసుకుని తీసుకుపోండి" అంది వైర్లమ్మ, బ్రాకెట్టు మరలు విప్పుతూ.

ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి లేచి, అన్నం వడ్డించి, అతనికి ఎడమ పక్కన చతికిలబడింది.

"తమ్ముడు ఇటుకల బట్టీలో కుదిరాడట" అంది.

అతను ముద్ద కలుపుతున్నాడు.

"పచ్చి ఇటుక మోస్తున్నాడట. ఆ మోకాలితో." "వాడొచ్చినా నేనేమీ అడగలేదు. వాడూ చెప్పలేదు. పిల్లలెలా ఉన్నారు అక్కా అని అడిగి పోయాడు. మీ మొహం చూడలేకే మీరు లేనప్పుడు వచ్చాడు పాపం, అంత తప్పు చేసి."

అతను తేలు కుట్టిన దొంగలా కూర్చుని మజ్జిగ పోసుకున్నాడు. వాడొక్కమాట పడెయ్యచ్చు కదా అక్క ముందు. ఎందుకు పడెయ్యలేదు? వాడికే నమ్మకం లేకనా? నిజంగానే రానీ అన్నాడేమో! చీకటి పడుతోంది, అలిసిపోయి ఉన్నాడు, నోరు జారదా మనిషన్నాక? ఆ ఆలోచన పట్టుకుని ఆ పూటకి నిద్రపోయాడు. కొన్ని రాత్రులుగా అదే అతని దిండు.

మర్నాడు షాపుకి వెళ్ళేసరికి వైర్లమ్మ జీపు కింద వెల్లకిలా పడుకుని ఉంది. చెప్పులు రెండూ బయట. పాదాలు మాత్రం కనపడుతున్నాయి.

"వచ్చారా అన్నయ్యా! ఆ నల్ల గొట్టం కాస్త లోపలికి తొయ్యండి."

అతను వంగి చూస్తే ఆమె చెయ్యి చాచి ఉంది కాబట్టి అర్థమైంది. గొట్టం అందించాడు. తీగల్ని ఆమె ఆ గొట్టంలో దూర్చి, చట్రం వెంబడి, వేడెక్కే సైలెన్సరుకి దూరంగా, జానెడుకో పట్టీ వేసి కట్టుకుంటూ వెనక్కి పాకింది. చేత్తో ఒక్కో పట్టీ లాగి చూసుకుంది. కదిలిన పట్టీని కోసి పారేసి మళ్ళీ కట్టింది.

బయటికి వచ్చి బల్ల దగ్గర కూర్చుని, అగ్గిపెట్టెంత నల్ల డబ్బా చూపించింది. "ఇది రిలే. పాత రివర్సు బల్బుకి వెళ్ళే తీగ వెంట్రుకంత. దానికే ఈ పెద్ద లైట్లు రెండూ తగిలిస్తే కాలి ఊరుకుంటుంది. అందుకని ఆ సన్నతీగ చేత కబురు మాత్రం చెప్పిస్తాం. గేరు పడింది అని ఇది ఈ డబ్బాకి చెప్తుంది. బరువు మొయ్యడం బ్యాటరీనుంచి వచ్చే ఈ లావుతీగ పని."

"కబురు అందకపోతే?"

"చీకటే. ఎంత పెద్ద లైటు పెట్టుకుంటే మాత్రం ఏం లాభం?" అని తీగ కొసన పళ్ళతో తొడుగు లాగి, ఇత్తడి బిళ్ళ బిగించి, పట్టకారుతో నొక్కింది. 'చెవిటివాడి ముందు శంఖం' అనబోయి ఆగినట్టు అతనికి అనిపించింది. ఆమె అసలు అలాంటిదేమీ అనబోలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఈమధ్య చెవి అన్న మాట ఎవరి పెదాల మీద మెదిలినా తన గురించే అనుకుంటున్నాడు.

లైట్లు నలుచదరంగా, అరచెయ్యంత ఉన్నాయి. తిన్నగా చేసిన బంపరు కింద చెరోవైపు బిగించింది. "పైన పెడితే అందంగా ఉంటుంది కాని దుమ్ము మీద వెలుగు పడి మీ కళ్ళకే కొడుతుంది. కిందుంటే నేల కనపడుతుంది. గుంటా, రాయీ, అంచూ. అన్నయ్యకి కావలసింది నేలే కదా!"

మధ్యాహ్నం దాకా ఒక లైటుకి తీగలు కలిపింది. తాళం తిప్పి, గేరు వేసి, వెలిగిందా, ఆరిందా అని చూస్తూ ఉండాలి. అతను సీట్లో, ఆమె వెనక. ఇంజను ఆపే ఉంది. మోత లేదు. వీధిలో ఎవరో తోపుడుబండి లాక్కుపోతున్నారు, అంతే.

"వెయ్యండి!" అంది వెనకనుంచి.

వేశాడు. కుడి లైటు వెలిగింది. గోడంతా తెల్లబడిపోయింది.

"తీసెయ్యండి!"

తీశాడు. రెండో లైటు మొదలుపెట్టింది. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అద్దంలో చూస్తూ కూర్చున్నాడు. ఆమె వంగి ఉంది, వీపు మాత్రమే కనపడుతోంది. ఏదో అంది. అతనికి స్పష్టంగానే వినపడింది. "వెయ్యండి" అంది. వేశాడు.

చిటుక్కుమని నీలంగా మెరిసింది. ఆమె కెవ్వున అరిచి వెనక్కి తూలి, నుదురు బంపరు అంచుకి కొట్టుకుని కింద కూలబడింది. లైటు ఆరిపోయింది.

అతను దూకి వెళ్ళాడు. ఆమె కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు కొసలు నల్లబడ్డాయి. నుదుటి మీద చిన్న గాటు. నోట్లో వేళ్ళు పెట్టుకుని, కొస కాలిన తీగని చెయ్యి పెట్టకుండానే పరీక్షగా చూసింది.

"ఏం కాలేదు. ఫ్యూజు పోయింది. అదే కాపాడింది" అంది. తరవాత తల ఎత్తింది. "వెయ్యకండి అన్నాను కదన్నయ్యా."

"వెయ్యండి అన్నావు."

ఆ మాట అతని ఆలోచన అడక్కుండానే వచ్చేసింది. వరండాలో డాక్టరుగారి ముందు వచ్చినట్టే, అదే వేగంతో, అదే గొంతుతో. తనకే వినపడింది ఈసారి.

వైర్లమ్మ లేచి, అతని ఎదురుగా వచ్చి నిలబడింది. చేతిలో తొడుగు తీసిన రాగితీగ ఉంది. "ఇది ఇలా పట్టుకుని కూర్చుని, నేనెందుకు వెయ్యమంటాను అన్నయ్యా?"

అతను ఆ తీగవంక చూశాడు. అది నిజమే. ఎవరైనా అంటారా? గోడకీ బండికీ మధ్య నిలబడ్డ మనిషి 'రానీ' అంటాడా? ఈ ప్రశ్న పది రోజులుగా అక్కడే ఉంది, పట్టపగల్లా. దాని పక్కనుంచే నడుస్తూ వచ్చాడు. ఒక్క అక్షరం. వెయ్యకండిలో 'క', రానీకులో 'కు'. తనదాకా వచ్చేలోపు అదొక్కటీ ఎక్కడో రాలిపోతోంది. మిగతా మాటంతా వస్తోంది. అందుకే వినపడుతోందనే అనుకుంటున్నాడు.

"సబ్బు ఉందా? కడుక్కో. కాలిన చోట నూనె రాయకు" అన్నాడు. ఆసుపత్రి మనిషి కదా, ఆ ఒక్కటీ తెలుసు. తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె వేళ్ళ మీద పోశాడు. సగం నీళ్ళు ఆమె చీర మీద పడ్డాయి.

"నా తప్పే" అంది ఆమె వేళ్ళు చూసుకుంటూ. "మీకు కనపడేలా చెయ్యి ఊపాల్సింది. రానీ నాకు ముందే చెప్పకనే చెప్పాడు."

"ఏమని?"

"వానలకి ముందొకసారి వచ్చాడు. జీపు వెనక ఒక నొక్కుడు మీట, మీ స్టీరింగు ముందు ఒక ఎర్రబల్బు పెట్టడం కుదురుతుందా అక్కా అని. వెనక నేను నొక్కితే ముందు వెలగాలి, అది చూసి బావ ఆపేస్తాడు అన్నాడు. ఎందుకయ్యా, నోరుందిగా అంటే, ఇంజను మోత ఎక్కువక్కా అన్నాడు." ఒకసారి జీపు వంక చూసింది. "అప్పుడూ కింద వంగి చూశాను. సైలెన్సరు బాగానే ఉంది. మీరిద్దరూ ఒకే అబద్ధం ఆడతారు."

"మరి పెట్టలేదేం?"

"సర్కారు బండి కదా, ఆఫీసులో కాగితం రాయించుకు రమ్మన్నాను. రాయించాలంటే కారణం రాయాలి. మరి రాలేదు."

అతను జీపు మెట్టు మీద కూర్చుండిపోయాడు. వానలకి ముందు. అంటే గోడ గుద్దుకోవడానికి నాలుగు నెలల ముందు. నాలుగు నెలలపాటు వాడు వెనక నడుస్తూ, తనకి వినపడదని తెలిసే, ప్రతిసారీ గట్టిగా అరుస్తూ, ఇంకా గట్టిగా చరుస్తూ, దూకడానికి సిద్ధంగా ఉన్నాడన్న మాట. వరండాలో తనవైపు చూసిన చూపుకి అర్థం 'ఎందుకు అబద్ధం ఆడావు బావా' అని కాదు. 'నేను చెప్పనులే' అని.

"కావాలంటే ఇప్పుడు పెట్టేస్తా ఆ బల్బు" అంది వైర్లమ్మ. "గొట్టంలో ఇంకో తీగకి చోటుంది. ఎవరికీ చెప్పక్కర్లేదు."

ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఎవరికీ చెప్పక్కర్లేదు! తరవాత అడిగాడు, "వెనక నొక్కేవాడేడి?"

ఆమె ఎడమచేత్తో ఫ్యూజు మార్చడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఇంట్లో భార్య కంచం పెట్టి పక్కన కూర్చోగానే అతను అడిగాడు.

"ఎప్పుడూ ఈ పక్కనే కూర్చుంటావేం?"

ఆమె మంచినీళ్ళ చెంబు సర్దింది. "మీకు ఇటువైపైతే అందుతుందని."

"ఎప్పటినుంచి?"

"ఏడాది దాటింది."

"నాకు చెప్పొచ్చు కదా!"

"రెండుసార్లు చెప్పాను" అంది. "మీకు వినపడలేదు."

ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ నవ్వేవాళ్ళే. ఆమె పెదవులు కదిలాయి కూడా. అంతలో ఆ మాట ఎక్కడిదాకా పోతుందో ఆమెకి తట్టింది. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. అతని మొహంలోకి చూసింది. అతను తల ఎత్తలేదు.

"అంటే, వాడు..." అంది.

"ఊఁ."

ఆమె గరిట గిన్నెలో పెట్టి, గిన్నె మీద మూత పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. బావిగిలక చప్పుడు వినపడుతుందేమోనని అతను చాలాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. తోడుతోందో లేదో తెలియలేదు. ఆ పది రోజుల్లో ఆమె ఎన్నిసార్లు తమ్ముడి తప్పుకి తను సిగ్గుపడి, 'వాడి తరఫున నేను చెప్తున్నా, మనసులో పెట్టుకోకండి' అని బతిమాలిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ప్రతిసారీ తను పెద్దమనిషిలా 'పోనీలే' అన్నాడు.

మూడోరోజు సందెవేళకి జీపు ఆసుపత్రి ఆవరణలోకి వచ్చింది. వైర్లమ్మ కూడా వెనక సీట్లో కూర్చుని వచ్చింది, వేళ్ళకి గుడ్డ చుట్టుకుని. పని ఒప్పచెప్పేదాకా ఆమెకి పూర్తయినట్టు కాదు.

వరండా స్తంభం దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి ఇచ్చిన టార్చిలైటు, వానకోటు తిరిగి ఇచ్చెయ్యమని కబురు పెడితే బట్టీనుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. జుట్టు నిండా ఎర్రమట్టి. వానకోటు ఉతికి, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి తెచ్చాడు.

"బాగున్నావా బావా?" అన్నాడు, పెదాలు బాగా కదిపి.

ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు తనతో. ఇన్నాళ్ళూ అది వాడి మాటతీరు అనుకున్నాడు.

డాక్టరుగారు బయటికి వచ్చారు. నర్సు, మందులాయన కూడా వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. "ఏదీ, వెయ్యి చూద్దాం" అన్నారు డాక్టరుగారు. డ్రైవరు గేరు వేశాడు. ఆవరణంతా ఒక్కసారిగా తెల్లబడింది. కంకరలో రాళ్ళు ఒక్కొక్కటీ తన నీడతో సహా లేచి నిలబడ్డాయి. ప్రహరీ మీద చీమలబారు కూడా కనపడింది.

"అబ్బో, పెళ్ళికూతురు మొహంలా వెలిగిపోతోందే!" అంది నర్సు.

"రివర్సు తీస్తే అవే ఆరిపోతాయి. లోపల మీట కూడా ఉంది" అని వైర్లమ్మ వివరించింది. డాక్టరుగారు రెండు లైట్ల చుట్టూ తిరిగి, వంగి, చేత్తో కదిపి చూసి, తృప్తిగా తలాడించారు. లోపలినుంచి అట్టకి బిగించిన కాగితం తెప్పించారు.

"ఇక్కడ సంతకం పెట్టు. పైకి పంపాలి."

డ్రైవరు కాగితం వెలుగులోకి పట్టుకుని చదివాడు. 'లైట్లు సరిగా పనిచేయుచున్నవి. వెలుతురు చాలినంత కలదు. ఇకపై జీపు వెనుక సహాయకుని అవసరము లేదు.' కింద గీత. గీత కింద 'డ్రైవరు సంతకము'.

నర్సు టార్చిలైటు పనిచేస్తోందో లేదో నొక్కి చూస్తోంది. బావమరిది వానకోటు రెండు చేతుల మీదా పట్టుకుని నిలబడ్డాడు, ఎవరు తీసుకుంటారా అని.

అతను కలం తీసుకున్నాడు. జీపు బానెట్టు మీద అట్ట పెట్టుకున్నాడు. సంతకానికి పట్టాల్సిన సమయం దాటిపోయింది. ఇంకా రాస్తూనే ఉన్నాడు. ఇరవై రెండేళ్ళలో అతను రాసినవన్నీ కిలోమీటర్లూ తేదీలే. అక్షరాలు వంకరగా, గీత దాటి కిందికి దిగిపోతున్నాయి. రాసి, అట్ట డాక్టరుగారి చేతికి ఇచ్చాడు.

డాక్టరుగారు చదివారు. ఇంకోసారి చదివి, పైకే అన్నారు. "'ఆ రోజు అతను రానీకు అనే అన్నాడు. నాకు వినపడలేదు. చాలా రోజులుగా సరిగా వినపడడం లేదు. లైట్లతో ఇది తీరదు.'"

మందులాయన దగ్గబోయి మానుకున్నాడు. నర్సు టార్చిలైటు ఆర్పేసింది.

"ఇది ఆ రోజే చెప్పొచ్చుగా!" అన్నారు డాక్టరుగారు.

"సీటు పోతుందని సార్."

"అందుకని అతని కూలి పోగొట్టావు."

"అవును సార్."

సాకు ఏదైనా చెప్తాడేమోనని డాక్టరుగారు కాసేపు చూశారు. డాక్టరుగారు స్తంభంవైపు తిరిగారు. "నీకు తెలుసా, ఈయనకి వినపడదని?"

"తెలుసండీ" అన్నాడు బావమరిది.

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా ఆ రోజు?"

"నేనేమన్నానని అడిగారు సార్, చెప్పాను. ఆయనకి చెవులెలా ఉన్నాయని నన్నెవరూ అడగలేదు."

మెట్ల మీద ఎవరో సన్నగా నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు. "ఆ కోటు నీ దగ్గరే ఉంచుకో. రేపు పొద్దున్నే రా" అన్నారు. తరవాత డ్రైవరు ముందు చెయ్యి చాపారు. జీపు తాళం తీసి ఆ చేతిలో పెట్టడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. లైట్లు ఆరిపోయాయి. మెట్ల మీది బల్బు వెలుగు ఒక్కటే మిగిలింది.

"పెద్దాసుపత్రికి రాసిస్తాను. అంతకుముందు నేనూ ఒకసారి చూస్తాను. అటు తిరుగు. నీ వెనక నిలబడి మెల్లిగా మూడు మాటలు చెప్తాను. విన్నది విన్నట్టు చెప్పు. ముందు కుడిచెవి మూసుకో."

అతను అందరివైపూ తిరిగి నిలబడ్డాడు. నర్సు, మందులాయన, వైర్లమ్మ, బావమరిది. కుడిచెవిలో వేలు పెట్టుకున్నాడు.

"తలుపు" అన్నాడు కాసేపటికి. తరవాత, "బల్ల." మూడోది కొంచెం ఆలోచించి, "దండ" అన్నాడు. నర్సు కళ్ళు పక్కకి తిరిగాయి. మూడోది తప్పినట్టుంది.

"ఇప్పుడు ఎడమది మూసుకో."

మూసుకున్నాడు. ఈసారి బాగా శ్రద్ధగా నిలబడ్డాడు, ఊపిరి కూడా బిగబట్టి. డాక్టరుగారు మొదలుపెట్టలేదు. బహుశా గొంతు సవరించుకుంటున్నారు. వైర్లమ్మ గుడ్డ చుట్టిన వేళ్ళు చూసుకుంటోంది. మందులాయన చేతిగడియారం వంక చూశాడు. నర్సు తల వంచుకుంది. ఎందుకింత ఆలస్యం చేస్తున్నారో అతనికి అర్థం కాలేదు. ఇక అబద్ధం ఏమీ లేదు. ఎంత చిన్నగా చెప్పినా, వచ్చింది వచ్చినట్టు చెప్పేస్తాడు.

"మొదలుపెట్టండి సార్, వింటున్నాను" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. బావమరిది ఒక్కడే స్తంభం దగ్గరనుంచి కాలు ఈడ్చుకుంటూ నడిచి వచ్చాడు. మొహం సరిగ్గా కనపడేలా అతని ఎదురుగా నిలబడ్డాడు.

"అయిపోయింది బావా" అన్నాడు.